అత్తయ్య తరఫున

2, సోమవారం

కొత్త మాట: తరఫు.

కొత్తదేమీ కాదు, ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నదే. ఇవాళ ఆస్పత్రిలో డాక్టరు నోట మాత్రం కొత్తగా వినిపించింది. "ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు ఆవిడ తరఫున నిర్ణయం తీసుకునేదెవరు?" అని అడిగాడు. ఆయన మాట పూర్తి కాకముందే "నేను" అన్నాను. నోటిమాట చాలదట. అత్తయ్య తెలివిలో ఉండగానే, తను మాట్లాడలేని స్థితి వస్తే ఎవరి మాట చెల్లాలో పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలట. ఆస్తికి కూడా అదే మంచిదట. ఆపరేషన్ ఇరవై ఆరున. ఆ లోపు కాగితం ఉండాలి.

మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతోంది. పోయిన నెల వచ్చిన స్ట్రోక్ చిన్నదేనంటారు. చిన్నదే, కానీ అత్తయ్య మాటలు ఎత్తుకుపోయింది. బుద్ధి ఎక్కడికీ పోలేదు. ఇల్లు ఇల్లులాగే ఉంది, గదుల తాళంచెవులు పోయాయి. (ఈ పోలిక నాదే. బాగుంది.) రాయడమూ అంతే. సంతకం ఒక్కటి మాత్రం చెయ్యి తనంతట తానే పెట్టేస్తుంది.

ఇంటికి రాగానే నిఘంటువు తీశాను. పవర్ ఆఫ్ అటార్నీకి పాత మాట ముక్త్యారునామా. ఎంత నిండుగా ఉందో! నాలుగుసార్లు పైకి అన్నాను. అత్తయ్య నవ్వింది. "నిఘం... నిఘం..." అంది.

"నిఘంటువు" అన్నాను. అత్తయ్య నాకు పెట్టిన పేరే అది.

4, బుధవారం

కాలేజీ నుంచి నేరుగా అత్తయ్య ఫ్రేముల కొట్టుకి వెళ్లాను. గాజు కోయడం అత్తయ్య మానలేదు. చేతికి స్ట్రోక్ తగల్లేదు కాబట్టి గీత అదే గీత, విరుపు అదే విరుపు.

ఒక పెద్దాయన మనవరాలు గీసిన బొమ్మ పట్టుకొచ్చాడు, ఫ్రేము కట్టమని. ఏ ఫ్రేము కావాలని అత్తయ్య ఏనాడూ ఎవరినీ అడగదు. అడిగితే అందరూ బంగారు రంగే అంటారట. బొమ్మని బల్ల మీద పరుస్తుంది. మూల ముక్కలు, అంటే ఒక్కో రకం ఫ్రేముకి ఒక్కో మూల కోసి ఉంచినవి, గోడకి వేలాడుతుంటాయి. అందులోంచి ఒకటి తీసి బొమ్మ మూలకి ఆనిస్తుంది. ఊరుకుంటుంది. అది తీసి ఇంకోటి ఆనిస్తుంది. ఊరుకుంటుంది. చివరికి వచ్చినవాళ్ల చెయ్యే ఒక ముక్క దగ్గరికి పోతుంది. అప్పుడు లెక్క రాసుకోమని నాకు సైగ చేస్తుంది. స్ట్రోక్ రాకముందూ ఇంతే. ఈ పనికి మాటలతో అవసరమే లేదు.

పెద్దాయన ఎంతకీ తేల్చడు. నాకేమో రేపు పరీక్ష. "నల్లది బాగుంటుందండీ" అన్నాను. "సరేనమ్మా, నువ్వన్నావు కాబట్టి" అని వెళ్లిపోయాడు. పని తొందరగా అయింది.

అత్తయ్య కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

6, శుక్రవారం

బాబాయి వచ్చాడు. ఎక్కడో లిఫ్టు బాగుచేసి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతుల నిండా గ్రీజు. కూర్చోకుండానే మొదలు.

"అక్కా, ఈ గాజుముక్కల మధ్య ఎన్నాళ్లే? కొట్టు అమ్మేసి మా ఇంటికొచ్చెయ్. నీ మరదలు గది కూడా ఖాళీ చేసి పెట్టింది."

"నీ..." అంది అత్తయ్య. "నీ... నీ..."

"నీ ఇల్లు నీకే ఇరుకు, అంటోంది బాబాయ్" అన్నాను.

"ఏమే, మా అక్క నన్ను తిట్టాలన్నా నువ్వే తిట్టాలా?"

అత్తయ్య పడీపడీ నవ్వింది. ఎవరి మాటకి నవ్విందో నాకు తెలుసు. నా మాటకే.

కాగితం కోసం లాయరు దగ్గరికి వెళ్లబోయే సంగతి బాబాయితో అనలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

8, ఆదివారం

నేను నా కోసం చేయడం లేదు. అత్తయ్య మనసు నాకు తెలుసు.

11, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

లాయరమ్మ ఆఫీసు మేడ మీద, కింద జిరాక్స్ కొట్టు. గదిలో ఒక ఇనప బీరువా, తాడుతో కట్టిన ఫైళ్లు, ఆరిపోయిన స్టాంపు ప్యాడ్. లాయరమ్మ గొంతు బొంగురు. మనిషి నిదానం.

"నేను మిమ్మల్నే అడుగుతానమ్మా, మీరే చెప్పాలి. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు. ఎందుకొచ్చారు?"

"ఆప... మెడ." అత్తయ్య మెడ మీద చెయ్యి పెట్టి చూపించింది.

"ఆపరేషన్" అన్నాను.

లాయరమ్మ నన్ను చూసింది. మళ్లీ అత్తయ్య వైపే తిరిగింది.

"రేపు మీరు మాట్లాడలేని పరిస్థితి వస్తే, మీ బదులు డాక్టర్లతో ఎవరు మాట్లాడాలి? ఎవరి మాట మీద వాళ్లు నడుచుకోవాలి?"

అత్తయ్య బల్ల అంచుని బొటనవేలితో తడిమింది, చెక్క నునుపు చూసినట్టు. "వాడు..." అంది. "వాడికి... వాడు..."

"బాబాయికి వద్దంటోందండీ. ఆయన కొట్టు అమ్మేస్తాడని భయం. నాకే ఇస్తానని ఇంట్లో కూడా చెప్పింది."

ఇంట్లో చెప్పలేదు, నిజానికి. కానీ చెప్పినట్టే.

అత్తయ్య నా వైపు తిరిగి నోరు తెరిచింది. ఊఁ, చెప్పు అన్నట్టు తల ఊపాను. మాట రాలేదు.

లాయరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది. "ఇవాళ్టికి చాలు."

"అదేంటండీ? ఒక్క పేరే కదా!"

"ఒక్క పేరే. ఆ పేరు ఆవిడ చెప్పాలి, లేదా రాయాలి, లేదంటే చూపించాలి. ఎవరికి అధికారం దక్కుతుందో వాళ్లే నోరు తెరిచి తమ పేరు చెప్పుకుంటే, రేపు ఎవరు అడిగినా ఆ కాగితం నిలబడదు. నిలబడినా నేను రాయను."

"నేను సాయం చేస్తున్నానండీ."

"చూశాను" అంది లాయరమ్మ.

ఇరవైన మళ్లీ రమ్మంది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెమ్మంది. అత్తయ్య ఒక్కతే లోపలికి రావాలట. నేను మెట్ల దగ్గరే ఆగాలట. ఇరవైన కూడా తేలకపోతే? ఆపరేషన్ వెనక్కి జరుగుతుంది. నాళం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

దారి పొడుగునా అత్తయ్య నా చెయ్యి పట్టుకోలేదు. మెట్లు దిగేటప్పుడు కూడా గోడే పట్టుకుంది.

12, గురువారం

కాలేజీకి వెళ్లలేదు. వర్షం అని చెప్పాను. వర్షం లేదు.

13, శుక్రవారం

బాబాయికి తెలిసిపోయింది. సర్టిఫికెట్ కోసం వెళితే ఆస్పత్రి వాళ్లే ఆయనకి ఫోన్ చేశారట. అత్తయ్య వెనక గదిలో పడుకుని ఉంది. కొట్టు తలుపు దగ్గరే నన్ను నిలదీశాడు.

"పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు నిన్ను వెంటబెట్టుకెళ్లింది మా అక్క. పని చెడకుండా ఎట్లా ఉంటుంది?"

"అయితే నీకివ్వాలా? మర్నాడే కొట్టు అమ్మేస్తావు."

"అమ్మితే అమ్ముతా! గాజుపొడి పీల్చి పీల్చి ఆవిడ దగ్గుతుంటే నీకు వినపడదా? అవున్లే, నీకు మాటలే వినపడతాయి."

"కనీసం నేను వింటాను బాబాయ్. నువ్వు మాట పూర్తి కానివ్వవు."

అన్నాక నాకే ఎలాగో అనిపించింది. బాబాయి కూడా నన్ను వింతగా చూశాడు. గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

15, ఆదివారం

పద్ధతి ప్రకారం చేస్తే ఏదైనా వస్తుంది. పరీక్షకి చదివినట్టే.

కార్డులు రాశాను. పెద్ద అక్షరాలు, ఒక్కో కార్డు మీద ఒక్కో మాట. నా. తరఫున. నిర్ణయించే. అధికారం. మేనకోడలికి. ఇస్తున్నాను. వరసగా పేర్చి వేలు పెట్టి చదివిస్తున్నాను. "అధికారం" దాకా బాగానే వస్తోంది. "మేనకోడలికి" దగ్గర ఆగిపోతోంది. కష్టమైన మాట, పొడుగు కూడా. "దీనికి" అని నన్ను చూపిస్తే చాలని చెప్పాను.

చూపించలేదు. అలసిపోయి ఉంటుంది.

16, సోమవారం

మళ్లీ "అధికారం" దగ్గరే.

17, మంగళవారం

అత్తయ్య కార్డులన్నీ ఒక్క తోపు తోసేసింది. గాజుముక్కల పెట్టెలో పడ్డాయి. తీయబోతే వేలు తెగింది. రక్తం చూసి కూడా అత్తయ్య లేవలేదు. లేవకపోవడం ఇదే మొదటిసారి.

కట్టు కట్టుకుని తిరిగొచ్చేసరికి ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. అవతల ఎవరో "హలో, హలో" అంటున్నారు. అత్తయ్య ఏమీ అనడం లేదు, ఊపిరి తప్ప. అవతలి గొంతు కూడా ఆగిపోయింది. తర్వాత, "వస్తున్నా అక్కా" అని వినిపించింది.

బాబాయి వచ్చి అత్తయ్య గదిలో కూర్చున్నాడు. తలుపు దగ్గర నిలబడి విన్నాను. (వినడం తప్పు కాదు, నాకు తెలియాలి కదా.) వినడానికి ఏమీ లేదు. చాలాసేపు అసలేమీ లేదు. మాటల్లేకుండా మనుషులు అంతంతసేపు ఏం చేస్తారు?

18, బుధవారం

లాయరమ్మ ఫోన్ చేసింది. "నేను మీ అత్తయ్యగారిని ఒంటరిగా అడగాలి, కానీ ప్రశ్నల వల్ల ఆవిడ కంగారుపడుతున్నారు. మీ కొట్టులో వచ్చినవాళ్లతో ఎలా నెట్టుకొస్తున్నారు?"

మూల ముక్కల సంగతి చెప్పాను. ఒకటి ఆనించడం, ఊరుకోవడం, తీసేసి ఇంకోటి ఆనించడం. చెబుతుంటే ఎందుకో గర్వంగా అనిపించింది. లాయరమ్మ అంతా విని, "అయితే ఆవిడకి నమ్మకమైనవాళ్ల ఫోటోలు పంపండి. నేను ఒక్కో విషయం చెప్పి, ఒక్కో ఫోటో పెట్టి ఊరుకుంటాను" అంది.

ఫోటోలు తీశాను. నాది, కాలేజీలో బహుమతి తీసుకుంటున్నది. అమ్మది, దూరాన ఉన్నా నమ్మకమే కాబట్టి. బాబాయిది మొహం చిట్లించుకుని ఉన్నది ఒకటే దొరికింది. ఇంకోటి ఉంది, అక్కాతమ్ముళ్లిద్దరూ నవ్వుతున్నది. పెట్టె అడుగున ఉంది. అంత అడుగు దాకా వెతకలేదు.

20, శుక్రవారం

మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. లోపల అత్తయ్య, లాయరమ్మ, సాక్షిగా ఆస్పత్రి నుంచి వచ్చిన డాక్టరు. తలుపు వేసి ఉంది. కింద జిరాక్స్ మిషను చప్పుడు. కింది మెట్టు మీద బాబాయి. ఆయన్ని కూడా లోపలికి రానివ్వలేదు.

లోపలి నుంచి ఒక్క మాటా వినిపించడం లేదు.

ఇప్పుడు లాయరమ్మ దగ్గింది. అంతే.

బాబాయి టీ తాగుతావా అని అడిగాడు. వద్దన్నాను. అయినా తెచ్చాడు. తాగాను.

తలుపు తీశారు.

20, సాయంత్రం

బాబాయి పేరు.

21, శనివారం

పొద్దున్నే లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. కాగితం చదవనిచ్చింది. అత్తయ్య ఒప్పుకుందట, నేను చదవడానికి. వైద్యం గురించి అన్ని నిర్ణయాలూ బాబాయివి. బ్యాంకు సంతకాలు బాబాయివి. కొట్టు మాత్రం అత్తయ్య బతికి ఉన్నంత కాలం ఎవరూ అమ్మడానికి వీల్లేదు, బాబాయి కూడా. నా పేరు ఒక్క చోట ఉంది. ఫీజు కట్టి నన్ను చదివించాలని.

"మీరేమైనా సూచించారా?" అని అడిగాను. ఎంత మర్యాదగా అడిగానో నాకే ఆశ్చర్యం.

"నేను ఊరుకున్నాను, మీరు చెప్పినట్టే" అంది లాయరమ్మ. "మీ ఫోటో పెడితే చేత్తో దగ్గరికి తీసుకున్నారు, గుండెకి ఆనించుకున్నారు. ఆ తర్వాత పక్కన పెట్టేశారు. ప్రతి ప్రశ్నకీ అంతే. ప్రశ్న తిప్పి అడిగినా అంతే. కొట్టు అమ్మకం అనగానే ఫోటోలన్నీ పక్కకి తోసేశారు."

మొహం చిట్లించుకున్న ఆ ఫోటోనే ఎంచుకుంది.

ఇంటికొచ్చి అత్తయ్య ముందు నిలబడ్డాను. అరవకూడదనుకున్నాను. అరిచాను. నేను కదా నీ దగ్గరుండేది, నేను కదా నీ మాటలు, ఎందుకు, ఎందుకు అని.

అత్తయ్య గాజు పక్కన పెట్టింది. నా కట్టు కట్టిన వేలు పట్టుకుంది.

"వాడు..." అంది. "వాడు... ఆ... ఆ..."

నా నోట్లో 'ఆ'తో మొదలయ్యే మాటలన్నీ మెదిలాయి. పళ్లు బిగించాను.

"ఆపుతాడు" అంది అత్తయ్య. తర్వాత నా గుండె మీద వేలు పెట్టింది. "నువ్వు ఆపవు."

"ఆపను. ఎందుకు ఆపుతాను? నిన్ను పోనిస్తానా?"

"అదే" అంది అత్తయ్య.

22, ఆదివారం

మాట్లాడుకోలేదు.

24, మంగళవారం

బాబాయి కాగితం పట్టుకుని వచ్చాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. అత్తయ్య స్నానానికి వెళ్లేదాకా ఆగి, "ఇది నువ్వు తీసుకోవే" అన్నాడు.

"అలా కుదరదు బాబాయ్."

"నాకొద్దు. 'కృత్రిమ శ్వాస కొనసాగించుటయా, నిలుపుటయా' అని రాసుంది. అర్థం కాక కాదు, అర్థమయ్యే వచ్చా. చిన్నప్పుడు నన్ను బడికి ఎత్తుకెళ్లిందే ఆవిడ. ఆవిడ గొట్టం నేను తీయించాలా?"

ఆయన మీద నాకు కోపం రావాలి. కాగితం నిండా ఆయన పేరే. కోపం వెతుక్కున్నాను.

"తనే చెప్పింది బాబాయ్, నువ్వు ఆపగలవని."

"ఎవరికి చెప్పింది?"

"నాకు."

"తనే అందా? నువ్వు అనిపించావా?"

"తనే."

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చి మా ఇద్దరినీ చూసి, ఇద్దరికీ టీ పెట్టింది.

26, గురువారం

పొద్దున లోపలికి తీసుకెళ్లారు. చక్రాల మంచం మీద పోతూ అత్తయ్య ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

చాలాసేపటికి నర్సు వచ్చి "పేషెంటు తరఫున ఎవరు?" అంది. లేచి నిలబడ్డాను. నా కాళ్లకి కాగితం సంగతి తెలియదు. బాబాయి ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. అలా కూర్చునే "నేనేనండీ" అన్నాడు. నేను కూర్చున్నాను. అప్పుడు ఆయన లేచాడు.

డాక్టరు టోపీతోనే బయటికొచ్చాడు. నాళం గోడ స్కానులో కనపడిన దానికంటే పలచగా ఉందట. పూడిక తీయబోతే చిరిగే ప్రమాదం ఉందట. "తీయగలిగితే మళ్లీ స్ట్రోక్ వచ్చే భయం బాగా తగ్గుతుంది. చిరిగితే ప్రాణానికే ముప్పు. ఇక్కడితో ఆపి మూసేస్తే ఇప్పుడున్నట్టే ఉంటారు, మందుల మీద. ఆ భయమూ అలాగే ఉంటుంది. వెంటనే చెప్పాలి."

"కానివ్వమను బాబాయ్" అన్నాను. "మాటలు తిరిగొస్తాయి."

డాక్టరు ఆ మాట అనలేదు. నేనే కల్పించాను. "మాటల సంగతి నేను చెప్పలేనమ్మా" అన్నాడు డాక్టరు.

బాబాయి నా వైపు చూశాడు. ఆ చూపుని ఏమనాలో నాకు తెలియదు, వెతకను కూడా. ఆయన నోట ఏదో మాట వచ్చింది, ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు.

"మూసేయండి సార్. ఇంక ముట్టుకోకండి."

సంతకం పెడుతుంటే కాగితం జారిపోతోంది. నేను పట్టుకున్నాను, అంచు. తర్వాత డాక్టరు వెళ్లిపోయాక బాబాయిని ఏమన్నానో ఇక్కడ రాయను. అన్నీ వింటూ నిలబడ్డాడు.

27, శుక్రవారం

కళ్లు తెరిచింది.

"అ... అయిందా?" అని అడిగింది.

బాబాయి మంచం పట్టీ పట్టుకున్నాడు. "లేదక్కా. ఆపమన్నాను." ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశాడు. అత్తయ్య వాడి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. (వాడు అని రాసేశాను. బాబాయిని. కొట్టివేయను.)

బాబాయి బయటికి వెళ్లాక, "నేనైతే కానివ్వమనేదాన్ని అత్తయ్యా" అన్నాను.

"తెలుసు" అంది. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

ఎవరు చేసింది సరైనదో నాకిప్పటికీ తెలియదు. నాళం పూడికతోనే ఉంది. అత్తయ్య ఉంది.

28, శనివారం

డాక్టరు రౌండ్స్‌కి వచ్చాడు. రెండు దారులున్నాయన్నాడు. ఇలాగే మందులతో నడపడం ఒకటి. కొన్నాళ్లు ఆగి, ఇంకా పెద్ద ఆస్పత్రిలో మరో పద్ధతిలో ప్రయత్నించడం ఇంకోటి. రెంటిలోనూ ఉన్న మంచీ చెడూ చెప్పాడు. చెప్పినంతసేపూ మంచం ఇవతల ఉన్న మాతోనే చెప్పాడు. "ఏం చేద్దాం మరి?" అని నన్ను చూశాడు. కాలేజీ పిల్లలా కనపడతాను, అందుకేమో.

నేను బాబాయి వైపు చూశాను. కాగితం ఆయన జేబులో ఉంది. జేబు దాకా చెయ్యి పోయి ఆగిపోయింది.

"మెలకువగానే ఉంది కద సార్" అన్నాడు బాబాయి. "ఆవిణ్నే అడగండి."

డాక్టరు అటు తిరిగి, ఈసారి నిదానంగా, మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. అత్తయ్య అంతా వింది. దుప్పటి అంచు తడుముతూ పెదాలు కదిలించింది. "నేను..." అంది. ఆగింది. మళ్లీ "నేను..." అంది.

నాకు ఒక మాట తెలుసు అనిపించింది. తర్వాత, తెలియదు అనిపించింది.

డాక్టరు వాచీ చూసుకున్నాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. సాయం దొరకలేదు. పక్క మంచం దగ్గరున్న కుర్చీ లాక్కుని, అత్తయ్యకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.